నికర బరువు

నిండు లారీ కాటా ఎక్కుతుంది, రాస్తాను.
ఖాళీ లారీ కాటా ఎక్కుతుంది, రాస్తాను.
దీంట్లోంచి అది తీసేస్తే మిగిలేది నికరం.
పద్దెనిమిదేళ్ళుగా ఈ ఒక్క తీసివేతే నా ఉద్యోగం.

కాన్వెంట్ జంక్షన్ దాటాక, పోర్టు రోడ్డు పక్కన
రేకుల గదిలో నేనూ, ఒక ఫ్యానూ,
తుడిచిన గంటకే మళ్ళీ నల్లబడే రిజిస్టరూ.
పెన్షన్ లేదు.
కాంట్రాక్టరు మారినప్పుడల్లా
కొత్త గుర్తింపు కార్డు, పాత జీతం.

బొగ్గు లారీ పట్టా చిరిగితే
రోడ్డు పొడవునా సన్నటి నల్ల గీత.
దాని వెనకే చీపురూ చేటతో ఎర్నమ్మ.
పొద్దుగూకేసరికి ఆవిడ బస్తా నిండుతుంది.
"ఎంత పోద్దమ్మా, గుప్పెడు!" అంటాడు డ్రైవరు.
ఎర్నమ్మ పొయ్యికి నేను అడ్డం పడను.
కానీ పాలసీ కాగితాలతో భీమేశ్వర్రావు గారొచ్చి
"ఖర్చులు నూటికి రెండే కదమ్మా, అదెంత" అన్నప్పుడు
నాకా నల్ల గీత కనబడింది.
నూటికి రెండు, ఏటేటా, ఇరవై ఏళ్ళు.
చేరాల్సిన చోటికి చేరేసరికి
లారీలో అయిదో వంతు రోడ్డు పాలు.
టీ ఇచ్చి పంపేశాను.

మా చిన్నాన్న ఎల్లాజీది వేరే లెక్క.
"ఒక్క దెబ్బతో తేలిపోవాలే!"
పడవ అమ్మిన డబ్బు మొత్తం రొయ్యల చెరువులో పోశాడు.
తెల్ల మచ్చ తెగులుకి నాలుగు రోజులు చాలాయి.
గట్టు మీద నిలబడి నీళ్ళకేసి చూశాడు,
ఎవర్నీ తిట్టలేదు,
చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి నడిచాడు.

నేను ఓడల మీద పందెం కట్టను.
ఏది ఎప్పుడొస్తుందో నాకేం తెలుసు?
ఓ రోజు ఎరువు, ఓ రోజు పామాయిలు,
ఓ రోజు ఏమీ రాదు, దూరాన లంగరేసుకున్న దీపాలు తప్ప.
రేవు మాత్రం ఏనాడూ ఒక్క ఓడ తిండి తిని బతకలేదు.
అందుకే నెలనెలా ఏడో తారీకున రెండు వేలు
యాభై కంపెనీల మీద వాటాల ప్రకారం.
చూసుకునేవాడి కూలి నూటికి ఇరవై పైసలు.
ఇంకో వెయ్యి పోస్టాఫీసులో, కదలకుండా.

హుద్‌హుద్ నాడు ఈ గది రేకులు ఎగిరి
ఎవరి పెరట్లో పడ్డాయో ఇప్పటికీ తెలీదు.
కాటా మాత్రం నేలలోనే ఉంది.
లాక్‌డౌన్ మార్చిలో ఫోను తెరిస్తే
ఏడేళ్ళు వేసినదానికన్నా తక్కువ చూపించింది.
రోడ్డు మీద లారీ లేదు, ఎర్నమ్మా లేదు.
"అమ్ము" అన్న ఎర్ర మీట మీద
నా వేలు ఎంతసేపుందో.
అంతలో పొయ్యి మీద పప్పు పొంగింది. లేచాను.
ధైర్యం అని చెప్పుకోను.
పప్పే.

ఇప్పుడు నాకు యాభై ఒకటి.
ఏటా కాస్త కాస్తగా ఒడ్డుకి లాగుతున్నాను,
కంపెనీల్లోంచి కొంత పోస్టాఫీసు వైపు.
చిన్నాన్నే అనేవాడు,
అల చూసి కాదు, పొద్దు చూసి వల తీయాలని.
తన చెరువు దగ్గర ఆ మాట మర్చిపోయాడు.

నేను డబ్బు పంపే మనిషిని
ఇంతవరకు చూడలేదు.
మోకాళ్ళు నొప్పులు కాబోలు, కళ్ళజోడు మందం కాబోలు.
పేరు మాత్రం నాదే, వాసుపల్లి నూకరత్నం.
ఆవిడ రోడ్డు మీద రాలిన బొగ్గు ఊడ్చుకోకూడదు.
ఏ బుధవారమో మిట్టమధ్యాహ్నం
పనేమీ లేకుండా భీమిలి బస్సెక్కి
సముద్రం వైపు కిటికీ పక్కన కూర్చోవాలి,
దిగి, ఓ జామకాయ కొనుక్కుని, వెనక్కి రావాలి.
అంతే అడుగుతున్నాను.

హారన్.
ముప్పై ఒక్క టన్నుల నాలుగు వందల కిలోలు.
బండి ఇంకా నిండుగానే ఉంది,
నికరం తేలడానికి టైముంది.